నీటి బుడగల కథ: ఒక జబ్బు చరిత్రలో జమాఖర్చులు

గోల్ ఘర్‌లో మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఒక తెలుగు కుటుంబం ఉంది. రెండు తరాల క్రితం శ్రీకాకుళం జిల్లా నుంచి ఓడెక్కి పోర్ట్ బ్లెయిర్ వచ్చినవాళ్లు (2024 నుంచి ఈ ఊరి పేరు శ్రీ విజయపురం, మా నోటికి ఇంకా పాతదే వస్తుంది). ఆ మధ్య ఒక సాయంత్రం ఆ ఇంటావిడ స్కానింగ్ రిపోర్టు పట్టుకుని వచ్చింది. వెనకాల పదిహేడేళ్ల కూతురు.

"అన్నయ్యగారూ, మీరు కాయితాలు బాగా చదువుతారు కదా, ఇది కాస్త చూడండి. అమ్మాయికి నీటి బుడగలంట. నాలుగు నెలలై నెలసరి రాలేదు" అంది.

అప్పటికే ఆవిడకు చాలా సలహాలు అందాయి. ఊరి నుంచి అత్తగారు ఫోన్ చేసి, పెళ్లి చేసేస్తే అదే సర్దుకుంటుందన్నారు. ఎవరో నాగదోషం అన్నారు. ఇంకెవరో నలభై రోజుల పొడి పార్శిల్‌లో తెప్పిస్తామన్నారు. తల్లి ఇవన్నీ చెబుతుంటే అమ్మాయి తల వంచుకుని కూర్చుంది. లేచి వెళ్లబోతూ ఒక్కటే అడిగింది: "మావయ్యా, ఆ బుడగలు పగిలితే చచ్చిపోతానా?"

నేను డాక్టర్ని కాను. బీకాం చదివి, రక్షణ శాఖ పద్దులు తనిఖీ చేస్తూ రిటైరైనవాణ్ణి. ముందు గైనకాలజిస్టుకి చూపించమని చెప్పి పంపాను. కానీ ఆ పిల్ల ప్రశ్న నన్ను వదల్లేదు. ఈ జబ్బు గురించి ఎవరు ఎప్పుడు ఏం చెప్పారు, దేనికి రుజువుంది, దేనికి లేదు అని పాత పరిశోధనలు వెతికి చదివాను. చదివింది మీ ముందు పెడుతున్నాను.

అవి బుడగలు కావు

మొదట అమ్మాయి ప్రశ్నకు జవాబు. చావదు. అసలు అవి జబ్బు బుడగలే కావు.

ఆడవాళ్ల అండాశయంలో అండాలు చిన్న చిన్న సంచుల్లో పెరుగుతాయి. వీటిని ఫాలికిల్స్ అంటారు. మామూలుగా నెలకు ఒకటి పూర్తిగా పెరిగి, పగిలి, అండాన్ని వదులుతుంది. హార్మోన్ల తేడా వల్ల ఏదీ పూర్తిగా పెరగకపోతే సగం ఎదిగినవి గుంపుగా మిగిలిపోతాయి. స్కానింగ్ తెర మీద అవి నల్లటి గింజల్లా కనిపిస్తాయి. వాటిని చూసి 'పాలిసిస్టిక్', అంటే అనేక తిత్తులు, అని పేరు పెట్టారు. మన తెలుగులో అది 'నీటి బుడగలు' అయింది. పేరు వినగానే జనానికి ఏదో గడ్డ పెరుగుతున్నట్టు భయం పుడుతుంది. ఈ పేరు తప్పుదారి పట్టిస్తోంది, మార్చాలి అని 2012లోనే అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు ఏర్పాటు చేసిన నిపుణుల కమిటీ సిఫార్సు చేసింది.

తప్పు పేరు ఎలా వచ్చిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

పావురం గుడ్ల నుంచి కత్తి దాకా

1721లో ఇటలీ వైద్యుడు ఆంటోనియో వల్లిస్నేరి ఒక పల్లెటూరి యువతి గురించి రాశాడు. పెళ్లయింది, కాస్త లావు, పిల్లలు లేరు. ఆమె అండాశయాలు మామూలు కంటే పెద్దవిగా, గడ్డలు గడ్డలుగా, తెల్లగా మెరుస్తూ పావురం గుడ్లలా ఉన్నాయని వర్ణించాడు. ఆయన దగ్గరున్న పరికరం కన్ను ఒక్కటే. కంటికి కనిపించింది రాశాడు, అంతకు మించి కారణాలు కల్పించలేదు.

తర్వాత 1935. షికాగోలో ఇర్వింగ్ స్టెయిన్, మైకేల్ లెవెంతాల్ అనే ఇద్దరు డాక్టర్లు ఏడుగురు స్త్రీల కేసులు ప్రచురించారు. నెలసరి ఆగిపోవడం, అండాశయాలు ఉబ్బి ఉండడం, కొందరికి ముఖం మీద వెంట్రుకలు, కొందరికి లావు. వాళ్లు కడుపు కోసి ఒక్కో అండాశయంలో సగం నుంచి ముప్పాతిక భాగం దాకా తీసేశారు. ఏడుగురికీ నెలసరి తిరిగి వచ్చింది. ఇద్దరికి గర్భం వచ్చింది. అప్పటి నుంచి చాలా ఏళ్లు ఈ జబ్బుని స్టెయిన్-లెవెంతాల్ సిండ్రోమ్ అనే పిలిచారు.

హేతువాదులకు ఇక్కడ ఒక పాఠం ఉంది. అండాశయం చుట్టూ మందమైన పొర ఏర్పడి అండాన్ని బయటికి రానివ్వడం లేదని, కోస్తే దారి ఏర్పడుతుందని వాళ్లు అనుకున్నారు. తలుపు ఇరుక్కుంటే చిత్రిక పట్టినట్టన్నమాట. ఫలితం కనపడింది కాబట్టి కారణం కూడా నిజమే అనుకున్నారు. తర్వాతి పరిశోధనల్లో తేలింది వేరు. మగ హార్మోన్లు ఎక్కువగా తయారుచేసే కణజాలంలో కొంత పోయేసరికి హార్మోన్ల తూకం మారి అండం విడుదలైంది. పైగా కోసిన చోట లోపల అతుకులు పడి కొందరికి పిల్లలు పుట్టే అవకాశం అసలుకే పోయింది. 1960లలో క్లోమిఫిన్ మాత్ర వచ్చాక ఈ కోత క్రమంగా వెనకబడింది.

వైద్యం ఫలించిందంటే వైద్యుడు చెప్పిన కారణం నిజమైపోదు. షికాగో డాక్టర్లకు వర్తించిన ఈ సూత్రం మన ఊరి మంత్రగాడికీ వర్తిస్తుంది. తేడా ఒకటుంది. ఆ డాక్టర్లు ఏం చేశారో, ఎంతమందికి చేశారో, ఏమైందో రాసి పెట్టారు. అందుకే తర్వాతివాళ్లు తప్పు పట్టుకోగలిగారు.

గడ్డం, చక్కెర

అసలు కీలకం ఇంకో చోట దొరికింది, కానీ దాన్ని చాలా కాలం ఎవరూ పట్టించుకోలేదు. 1921లో ఫ్రాన్సులో అషార్, థీర్ అనే ఇద్దరు వైద్యులు 'గడ్డం ఉన్న స్త్రీల మధుమేహం' అని ఒక నివేదిక రాశారు. ముఖాన వెంట్రుకలు రావడానికీ చక్కెర జబ్బుకీ సంబంధం ఉందని గమనించారు. ఆ కాగితం ఒక చోట, స్టెయిన్ కాగితం మరో చోట ఉండిపోయాయి. రెండు శాఖల లెడ్జర్లను ఎవరూ కలిపి చూడలేదు.

1980లో అమెరికాలోని మెంఫిస్ నగరంలో బర్గెన్ బృందం ఈ జబ్బు ఉన్న స్త్రీల రక్తం పరీక్షించి, మగ హార్మోన్లు ఎక్కువున్న చోట ఇన్సులిన్ కూడా ఎక్కువగా ఉందని చూపింది. అప్పుడు చిత్రం మారింది. చాలామందిలో శరీరం ఇన్సులిన్ మాట సరిగ్గా వినదు. దాంతో క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ విడుదల చేస్తుంది. ఆ అధిక ఇన్సులిన్ అండాశయాన్ని మగ హార్మోన్లు ఎక్కువగా తయారు చేసేలా ఉసిగొల్పుతుంది. అందువల్ల అండం ఎదగదు, నెలసరి తప్పుతుంది, మొటిమలు, గడ్డం దగ్గర వెంట్రుకలు వస్తాయి. వంశంలో వచ్చే జన్యువులకూ పాత్ర ఉంది. సన్నగా ఉన్నవాళ్లకీ రావచ్చు. కాబట్టి "తిని కూర్చుంటే రాదా మరి" అని పిల్లను దెప్పడం అజ్ఞానం.

అంటే ఇది కేవలం గర్భసంచి గొడవ కాదు. నడివయసులో చక్కెర జబ్బు వచ్చే అవకాశాన్ని పెంచే ఒంటి మొత్తపు వ్యవహారం.

నిర్వచనం మారితే నిల్వ మారుతుంది

ఇప్పుడు నాకు బాగా తెలిసిన రంగానికి వస్తాను. ఏ పద్దు ఏ ఖాతాలో రాయాలో నిబంధన మారిస్తే, ఒక్క రూపాయి కదలకుండానే బ్యాలెన్స్ షీట్ మారిపోతుంది. జబ్బుల లెక్క కూడా అంతే.

1990 నాటి నిర్వచనం ప్రకారం నెలసరి క్రమం తప్పడం, మగ హార్మోన్లు ఎక్కువ కావడం రెండూ ఉండాలి. 2003లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో కూర్చున్న నిపుణులు దీనికి స్కానింగ్‌ని చేర్చి, మూడింటిలో ఏ రెండు ఉన్నా చాలన్నారు. 2024లో ప్రచురితమైన ఒక పెద్ద భారతీయ సర్వేలో 18 నుంచి 40 ఏళ్ల లోపు సుమారు 9 వేల మంది స్త్రీలను పరీక్షించారు. పాత నిర్వచనంతో లెక్కిస్తే 7.2 శాతం మందికి జబ్బు ఉంది. రోటర్‌డామ్ నిర్వచనంతో అదే స్త్రీలలో 19.6 శాతం! "ఐదుగురిలో ఒకరికి" అని పేపర్లో చదివి బెంబేలెత్తే ముందు, ఏ నిర్వచనంతో అని అడగాలి.

మన తెలుగు నేల మీద జరిగిన లెక్క ఒకటి చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లోని ఒక రెసిడెన్షియల్ కాలేజీలో 15-18 ఏళ్ల అమ్మాయిలు 460 మందిని పరీక్షించి 2011లో ఫలితాలు ప్రచురించారు. రోటర్‌డామ్ పద్ధతిలో 42 మందికి, అంటే 9.13 శాతం మందికి, పీసీఓఎస్ ఉందన్నారు. ఆ 42 మంది విడి లెక్క ఇది: నెలసరి ఆలస్యం, స్కానింగ్‌లో ఫాలికిల్స్ గుంపు, ఈ రెండే ఉన్నవాళ్లు 29 మంది. ఈ రెండింటితో పాటు వెంట్రుకల వంటి మగ హార్మోన్ లక్షణాలు కూడా ఉన్నవాళ్లు 11 మంది. నెలసరి ఆలస్యం, మగ హార్మోన్ లక్షణాలు ఉండి స్కానింగ్ మామూలుగా ఉన్నది ఒక్కరు. స్కానింగ్, హార్మోన్ లక్షణాలు ఉండి నెలసరి సక్రమంగా ఉన్నది మరొక్కరు.

2018లో వచ్చి 2023లో సవరించిన అంతర్జాతీయ మార్గదర్శకాలు ఒక ముఖ్యమైన మాట చెప్పాయి. రజస్వల అయిన ఎనిమిదేళ్ల వరకు స్కానింగ్ చూసి ఈ జబ్బు నిర్ధారించకూడదు. ఎందుకంటే ఆ వయసులో ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు కూడా ఫాలికిల్స్ ఎక్కువగా కనిపిస్తాయి. నెలసరి తేడా, మగ హార్మోన్ ఎక్కువ కావడం రెండూ ఉంటేనే పీసీఓఎస్. ఒకటే ఉంటే 'అవకాశం ఉంది' అని రాసుకుని, కొన్నేళ్ల తర్వాత మళ్లీ చూడాలి.

ఈ కొత్త నిబంధనని ఆ పాత లెక్కకు నేను వర్తింపజేసి చూశాను. మిగిలేది 11 మంది, 1 మనిషి, మొత్తం 12. 460లో 2.6 శాతం. రక్తంలో హార్మోన్లు కొలిస్తే మరికొందరు చేరవచ్చు. అయినా 29 మంది అమ్మాయిల పేర్ల పక్కన జబ్బు అని రాయాలా, గమనించాలి అని రాయాలా అన్నది చిన్న విషయం కాదు. మన సమాజంలో ఆ ఒక్క మాట పెళ్లి సంబంధాల దాకా పోతుంది.

ఆ పరిశోధకులను తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. అప్పటి నిబంధనల ప్రకారం చక్కగా లెక్కించి, విడి పద్దులు దాచకుండా ప్రచురించారు. అందుకే పదేళ్లు దాటాక కూడా నాబోటి వాడు తిరిగి లెక్క వేయగలిగాడు.

యోగా: ఎంత నిజం, ఎంత ప్రచారం

అదే పరిశోధక బృందం 2013లో మరో ప్రయోగం ప్రచురించింది. ఆంధ్రప్రదేశ్‌లోనే ఒక రెసిడెన్షియల్ కాలేజీలో పీసీఓఎస్ ఉన్న 90 మంది అమ్మాయిలను చీటీ పద్ధతిలో రెండు గుంపులు చేశారు. ఒక గుంపు రోజుకో గంట చొప్పున 12 వారాలు సూర్యనమస్కారాలు, ఆసనాలు, ప్రాణాయామం, ధ్యానం చేసింది. రెండో గుంపు మామూలు వ్యాయామం చేసింది. యోగా గుంపులో కొన్ని హార్మోన్లు, టెస్టోస్టిరాన్‌తో సహా, ఎక్కువగా మెరుగయ్యాయి. బరువులో మాత్రం రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. నెలసరి సంఖ్యలో తేడా, గణాంకాల భాషలో చెప్పాలంటే, 0.049 దగ్గర ఆగింది. గీత 0.05. అంటే బొటాబొటీగా పాస్.

మనం హేతువాదులం కాబట్టి యోగా అన్న మాట వినగానే కొట్టిపారేయాలా? అక్కర్లేదు. చీటీలు వేసి, పోటీ గుంపుని పెట్టి చేసిన ప్రయోగం ఇది. గౌరవించాల్సిందే. కానీ చేసినవాళ్లు యోగా విశ్వవిద్యాలయం వాళ్లు, ఏ గుంపులో ఉన్నామో అమ్మాయిలకు తెలుసు, కాలం 12 వారాలే, అమ్మాయిలు 90 మందే. ఇన్ని షరతులున్న ఫలితాన్ని "యోగాతో పీసీఓఎస్ మాయం" అని టీవీలో చెబితే అది మోసం. 2023 మార్గదర్శకాల సారాంశం కూడా ఇదే: వ్యాయామం మేలు చేస్తుంది, ఏ ఒక్క వ్యాయామమూ, ఏ ఒక్క ఆహార పద్ధతీ మిగతావాటి కంటే గొప్పదని తేలలేదు. పెద్దవాళ్లయితే వారానికి 150 నుంచి 300 నిమిషాల చురుకైన నడక లాంటిది, టీనేజి పిల్లలైతే రోజుకో గంట. ఇష్టమైతే సూర్యనమస్కారాలు చేయండి, సూర్యుడికి దండం పెట్టనక్కర్లేదు.

వోచర్ ఉన్న మందులు

ఈ జబ్బుని పూర్తిగా తుడిచిపెట్టే మందు లేదు. అదుపులో పెట్టుకునే మార్గాలు ఉన్నాయి. అవి ఒక్కొక్క లక్షణానికి ఒక్కోటి.

నెలసరి క్రమం తప్పడానికి, మొటిమలకు, వెంట్రుకలకు మొదటి వరస మందు గర్భనిరోధక మాత్ర. ఇక్కడే మన ఇళ్లలో గొడవ మొదలవుతుంది. "పెళ్లికాని పిల్లకి ఆ మాత్రలా?" అంటారు. ఆ మాత్ర ఇక్కడ చేసే పని హార్మోన్ల తూకం సరిచేయడం. నెలల తరబడి నెలసరి రాకపోతే గర్భసంచి లోపలి పొర మందమవుతూ పోతుంది. ఏళ్ల తరబడి అలా వదిలేస్తే ఆ పొరకు కేన్సర్ వచ్చే ప్రమాదం కొంత పెరుగుతుంది. అందుకే 90 రోజులు దాటితే ఊరుకోకూడదు. రక్తపోటు, రక్తం గడ్డకట్టే స్వభావం, తీవ్రమైన తలనొప్పి ఉన్నవాళ్లకు ఆ మాత్రలు పడకపోవచ్చు కాబట్టి డాక్టరే చూసి ఇవ్వాలి.

ఇన్సులిన్ వ్యవహారానికి మెట్‌ఫార్మిన్. దీని చరిత్ర మూలికల భక్తులు తెలుసుకోవాలి. ఐరోపాలో గలేగా అనే మొక్కని పాత కాలంలో వైద్యానికి వాడేవారు. అందులోని పదార్థం చక్కెర తగ్గిస్తుంది, కానీ విషం కూడా. రసాయన శాస్త్రజ్ఞులు దానికి బంధువైన పదార్థాన్ని 1922లో డబ్లిన్‌లో తయారు చేశారు. 1957లో ఫ్రాన్సులో జాన్ స్టెర్న్ దాన్ని మధుమేహ రోగులకు వాడి ఫలితాలు ప్రచురించాడు. మొక్కలో మందు ఉండవచ్చు. దాన్ని వేరు చేసి, మోతాదు కట్టి, మనుషుల మీద పరీక్షించిన తర్వాతే అది మందు అయింది.

పిల్లలు కావాలనుకునేవాళ్ల విషయంలో మెట్‌ఫార్మిన్ మీద కూడా మొదట్లో అతిగా ఆశ పెట్టుకున్నారు. 2007లో అమెరికాలో 626 మంది స్త్రీల మీద ప్రయోగం ఆ ఆశని సరిచేసింది. క్లోమిఫిన్ వాడినవాళ్లలో 22.5 శాతం మందికి బిడ్డ పుడితే, మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడినవాళ్లలో 7.2 శాతం. 2014లో 750 మంది మీద జరిగిన మరో ప్రయోగంలో లెట్రొజోల్ 27.5, క్లోమిఫిన్ 19.1. ఇప్పుడు లెట్రొజోల్‌దే మొదటి స్థానం. మన దేశంలో 2011లో సంతానలేమికి దాన్ని వాడడం నిషేధించారు. 2005లో ఒక సమావేశంలో చదివిన చిన్న నివేదిక పుట్టించిన అనుమానం దానికి నేపథ్యం. 2006లోనే 911 మంది శిశువుల లెక్క తీసి, లెట్రొజోల్ వల్ల అవకరాలు పెరగలేదని చూపిన పరిశోధన వచ్చింది. తర్వాత మన నిషేధమూ ఎత్తివేశారు. తప్పు ప్రభుత్వమూ చేస్తుంది. లెక్క ఉంటే దిద్దుకోవచ్చు.

ఇంకొక లక్షణం ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఆందోళన, దిగులు. ఈ జబ్బున్న స్త్రీలలో ఇవి ఎక్కువ, కనుక వాటి గురించి కూడా డాక్టర్లు అడగాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి. "ఏముందిలే, వెంట్రుకలే కదా" అనకండి.

పొడి అమ్మేవాడి పద్దు

నలభై రోజుల పొడి అమ్మేవాడిని మూడు ప్రశ్నలు అడగండి. ఎంతమందికి ఇచ్చావు? ఎంతమందికి పనిచేయలేదు? పొడి తీసుకోనివాళ్లలో ఎంతమందికి దానంతటదే నెలసరి వచ్చింది? మూడో ప్రశ్న అతి ముఖ్యం. ఈ జబ్బులో నెలసరి ఆగుతూ వస్తూ ఉంటుంది. నాలుగు నెలలు రానిది ఐదో నెల తానే రావచ్చు. ఆ నెలలో పొడి తింటే పొడి, ప్రదక్షిణ చేస్తే ప్రదక్షిణ పేరున జమ పడుతుంది.

మన దేశంలో 1954 నుంచీ మందులు, మాంత్రిక చికిత్సల ఆక్షేపణీయ ప్రకటనల చట్టం ఉంది. అందులో 3వ సెక్షన్, స్త్రీల నెలసరి దోషాలు సరిచేస్తామని మందు ప్రకటనలు ఇవ్వడాన్ని పేరుపెట్టి నిషేధించింది. అయినా గోడల మీద, ఫోన్లలో ఆ ప్రకటనలు ఎన్ని చూస్తున్నాం?

మా ఇంటి పద్దు

ఇతరుల పద్దులు ఇంత చెప్పాక నా పద్దు దాచకూడదు. మా చెల్లెలికి పద్దెనిమిదో ఏట నుంచే గడ్డం కింద వెంట్రుకలు. నెలసరి ఏడాదికి మూడు నాలుగుసార్లు. 1970ల మాట. మా అమ్మ తనని గుడులు తిప్పింది, రావిచెట్టు చుట్టూ ప్రదక్షిణలు చేయించింది. పెళ్లయింది, పిల్లలు కలగలేదు, అత్తవారింట్లో పడాల్సిన మాటలన్నీ పడింది. నలభై నిండకుండా చక్కెర జబ్బు వచ్చింది. ఇప్పుడు లేదు.

తనకు ఉన్నది పీసీఓఎస్ అని నేను రుజువు చేయలేను. ఎవరూ పరీక్షించలేదు. కానీ గడ్డానికీ చక్కెరకీ సంబంధం ఉందని 1921లోనే ముద్రణలో ఉంది. స్టెయిన్ కాగితం 1935 నుంచీ ఉంది. నేను అప్పటికే సభల్లో బాబాల మీద ఉపన్యాసాలు ఇచ్చేవాణ్ణి. ఇంట్లో మాత్రం "అవి ఆడవాళ్ల విషయాలు" అని వీధి అరుగు మీదికి వెళ్లిపోయేవాణ్ణి. మా చెల్లెల్ని డాక్టర్ దగ్గరికి తీసుకెళదామని ఒక్కసారి కూడా అనలేదు. మూఢనమ్మకం గుడిలో ఎంత ఉందో నా మౌనంలోనూ అంత ఉంది. మన సంఘాల్లోని మగవాళ్లు ఈ మాట కొంచెం ఆలోచించాలి.

నాలుగిళ్ల అవతలి అమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాను. గైనకాలజిస్టు థైరాయిడ్, ప్రొలాక్టిన్, మగ హార్మోన్, చక్కెర పరీక్షలు చేయించారు. మిగతా కారణాలు లేవని తేల్చుకున్నాకే మాటకు వచ్చారు. స్కానింగ్ ఒక్కటి చూసి ఇప్పుడే జబ్బు పేరు రాయలేమని, కొన్నేళ్లు గమనిద్దామని చెప్పి, నెలసరి రావడానికి మాత్రలు ఇచ్చారు. వచ్చింది. ఈలోగా వాళ్లమ్మ నాగదోష పూజ కూడా చేయించిందట. జమ ఏ ఖాతాలో రాస్తుందో నాకు తెలుసు, వాదించలేదు.

అమ్మాయి మాత్రం ఒక పాత డైరీ అడిగి పట్టుకెళ్లింది. అందులో నెలసరి తేదీలు, మాత్ర వేసుకున్న రోజులు, నడిచిన నిమిషాలు రాసుకుంటోంది. పూజ తేదీ కూడా రాయమన్నాను. ఏడాది తిరిగాక తనే కూర్చుని లెక్క చూసుకుంటుంది.